తొమ్మిదికి మూడు మార్కులు

పరీక్ష తప్పితే ఎలా ఉంటుందో నాకు అరవై ఒకటో ఏట తెలిసింది. ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. ఎర్రసిరాతో ఎన్ని వేల జవాబు పత్రాలు దిద్దానో నాకే తెలియదు. ఆ రోజు కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గది బయట, మత్తు ఇంకా పూర్తిగా దిగకముందే నా చేతికొచ్చిన కాగితం మీద ఉన్నవి మాత్రం నా మార్కులే. తొమ్మిదికి మూడు.

పేగు శుభ్రతకు కూడా మార్కులు వేస్తారని అప్పటిదాకా నాకు తెలియదు. దాన్ని బోస్టన్ స్కేలు అంటారు. అక్కడి వైద్యులు తయారుచేసిన ఈ పద్ధతి 2009లో అచ్చయింది. పెద్దపేగును కుడి, మధ్య, ఎడమ అని మూడు భాగాలుగా చూస్తారు. ఒక్కో భాగానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. లోపలి గోడ అంతా శుభ్రంగా కనిపిస్తే మూడు, గట్టి మలం అడ్డుపడి ఏమీ కనిపించకపోతే సున్నా. మొత్తం ఎంత వచ్చినా సరే, ప్రతి భాగంలోనూ కనీసం రెండు రావాలి. బడిలోనూ అంతే కదా, లెక్కల్లో వందొచ్చినా సైన్సులో తప్పితే తప్పినట్టే. నాకు ఎడమవైపు రెండు, మధ్యలో ఒకటి, కుడివైపు సున్నా. కింద చేతిరాతతో ఒక ముక్క: 'శుభ్రత చాలలేదు, మళ్లీ చేయాలి.'

ఆ 'మళ్లీ' చదివాక మిగిలిన మత్తు కూడా దిగిపోయింది.

అసలు పరీక్ష దాకా ఎందుకు వెళ్లానంటే, మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది, ఇనుము బాగా తగ్గిపోయింది. నెలసరి ఆగిపోయి పదేళ్లయిన మనిషికి ఇనుము ఇలా తగ్గిందంటే లోపల ఎక్కడో బొట్టుబొట్టుగా రక్తం పోతోందేమో చూడాలన్నారు. ముందు నోట్లోంచి గొట్టం వేసి చూశారు, జీర్ణాశయం బాగానే ఉంది. ఇక రెండో వైపు నుంచి చూడాలి. ఈలోగా ఇనుము మాత్రలు మొదలయ్యాయి. మలబద్ధకం ఉన్నవాళ్లకు ఇనుము మాత్రలంటే ఏమిటో అనుభవించినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఉన్న కష్టం చాలదన్నట్టు అది నల్లగా, జిగురుగా, తారులాగా తయారవుతుంది.

పరీక్షకు వారం ముందు ఆసుపత్రి నుంచి ఒక నర్సు ఫోను చేసింది. షుగరు ఉందా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఇదివరకు పొట్టకు ఆపరేషన్ ఏమైనా అయిందా అని వరుసగా అడుగుతూ, చివర్లో "మోషన్ సాఫీగా అవుతుందా అమ్మా?" అంది. ఆ సమయానికి గదిలో మావారు పేపరు చదువుతున్నారు. మా అబ్బాయి, కోడలు కూడా అక్కడే ఉన్నారు. "ఆ, అవుతుంది" అన్నాను. ఆ మాట నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చేసింది.

నిజం ఏమిటంటే నాకు నాలుగు రోజులకోసారి అవుతుంది. అది కూడా ముందు రోజు రాత్రి సునాముఖి ఆకు మరిగించి తాగితే. ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంతే. నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు. మా క్లాసులో అయితే దీన్ని అంకశ్రేఢి అంటారు, అంతకంటే క్రమం ఏముంటుంది? కాబట్టి నేను అబద్ధం చెప్పలేదని చాలా రోజులు నన్ను నేను సమర్థించుకున్నాను. కానీ ఆ జవాబు వల్లే నాకు అందరికీ ఇచ్చే కాగితం ఇచ్చారు. ఒక రోజు తేలికపాటి ఆహారం, తర్వాత నాలుగు లీటర్ల మందునీళ్లు. రోజూ పొద్దున్నే పని ముగించుకుని బయటపడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన కాగితం అది.

ఇది చాలదన్నట్టు నా సొంత తెలివి కూడా కొంత వాడాను. సగం మందు ముందు రోజు సాయంత్రం, మిగతా సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగమని కాగితంలో స్పష్టంగా ఉంది. తెల్లవారుజామున తాగితే దారిలో కారులో ఏమవుతుందోనని భయం పట్టుకుంది. నాలుగు లీటర్లూ ముందు రోజు సాయంత్రమే తాగేశాను. రెండు భాగాల మొత్తం ఎప్పుడు తాగినా మొత్తమే కదా అనుకున్నాను. లెక్కల టీచరు చేయాల్సిన తప్పే. ఇనుము మాత్రలు ఆపమని కూడా కాగితంలో రెండో పేజీ అడుగున ఉంది. నేను మొదటి పేజీ మూడుసార్లు చదివాను, రెండో పేజీ తిప్పలేదు. పిల్లలు ప్రశ్నపత్రం వెనక్కి తిప్పకుండా లేచి వెళ్లిపోతే ఎన్ని తిట్లు తిట్టానో గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ రాత్రి నాకు పదకొండు సార్లు అయింది. చివరి ఆరుసార్లూ నీళ్లే. ఇంకేముంది, కడిగిన ముత్యంలా అయిపోయానని పడుకున్నాను. ఆ నీళ్లు గోధుమరంగులో, అడుగు కనిపించనంత మడ్డిగా ఉన్నాయన్నది నేను పట్టించుకోలేదు. మలబద్ధకం ఉన్నవాళ్లు మోసపోయే చోటు ఇదే. నీళ్లు వచ్చినంత మాత్రాన గట్టిది బయటికి వచ్చేసినట్టు కాదు. వాగులో బండరాళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి, నీళ్లు మాత్రం వాటి పక్కనుంచి పారిపోతాయి.

రెండోసారి డాక్టరు గారిని కలిసినప్పుడు, ఈసారి ఒంటరిగా వెళ్లాను. మావారిని బయట కూర్చోమన్నాను. డాక్టరు గారు నన్ను ఏమీ అడగకుండా ఒక బొమ్మల కాగితం నా ముందు పెట్టారు. మలం ఆకారాలు ఏడు రకాలు, వరుసగా బొమ్మలేసి ఉన్నాయి. బ్రిస్టల్ చార్టు అని, 1997 నుంచి వైద్యంలో వాడుతున్నారు. ఒకటో రకం విడివిడిగా గట్టి ఉండలు, గింజల్లాగా. ఏడోది పూర్తిగా నీళ్లు. మధ్యలో మూడూ నాలుగూ బాగున్నట్టు. "మీది ఏది?" అన్నారు. నోరు విప్పనవసరం లేకుండా ఒకటో బొమ్మ మీద వేలు పెట్టాను. "ఎన్ని రోజులకు?" అంటే నాలుగు వేళ్లు చూపించాను. అరవై ఏళ్ల రహస్యం అరనిమిషంలో అయిపోయింది. ఫోనులో కూడా 'సాఫీగా అవుతుందా' అని కాకుండా 'ఎన్ని రోజులకోసారి, మందు వేసుకుంటేనా, వేసుకోకుండానా' అని అడిగితే నేను అంకె చెప్పేదాన్నేమో. అంకెలు చెప్పడానికి నాకెప్పుడూ సిగ్గు లేదు. వారానికి మూడుసార్ల కంటే తక్కువ అవడం మలబద్ధకం లక్షణాల్లో ఒకటని నాకు ఆ రోజే తెలిసింది. ముక్కాల్సి రావడం, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలే ఉందనిపించడం కూడా ఆ లెక్కలోకే వస్తాయట. అంటే రోజూ వెళ్లే మనిషికి కూడా మలబద్ధకం ఉండొచ్చు.

ఆయన ఓపికగా చెప్పింది నాకు అర్థమైన పద్ధతిలో రాస్తాను. చిన్నపేగు నుంచి పెద్దపేగులోకి రోజుకు సుమారు లీటరున్నర ద్రవం దిగుతుంది. అందులో బయటికి పోయేది ఒకటి రెండు వందల మిల్లీలీటర్లకు మించదు. మిగతా నీరంతా పెద్దపేగు తిరిగి పీల్చుకుంటుంది. అదే దాని ఉద్యోగం. తిన్నది అందులో ఒకటి నుంచి మూడు రోజులు ఉండటం మామూలు. నాలాంటివాళ్లలో ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది కాబట్టి పీల్చుడు కూడా ఎక్కువే. చివరికి మిగిలేవి గులకరాళ్లు. పైగా ఏళ్ల తరబడి మలబద్ధకం ఉన్న కొందరిలో పేగు మామూలు కంటే పొడుగ్గా, మెలికలు తిరిగి ఉంటుంది. సుమారు మీటరున్నర ఉండాల్సిన గొట్టం ఇంకాస్త సాగి మడతలు పడితే, ప్రతి మడతలోనూ ఏదో ఒకటి చిక్కుకుని కూర్చుంటుంది. పేగు సరిగా శుభ్రపడకపోవడానికి ముందే ఊహించగల కారణాల్లో మలబద్ధకం ఒకటి. షుగరు వ్యాధి, నల్లమందు జాతి నొప్పి మాత్రలు, కొన్ని రకాల డిప్రెషన్ మందులు, ఇదివరకు ఒకసారి శుభ్రత కుదరకపోవడం కూడా ఆ జాబితాలోవే. నాకు ఇప్పుడు రెండు టిక్కులు పడ్డాయి.

తెల్లవారుజామున తాగాల్సిన సగం ఎందుకంత ముఖ్యమో కూడా అప్పుడే తెలిసింది. మనం పడుకున్నాక కూడా పైనుంచి పైత్యరసం, చిన్నపేగు స్రావాలు దిగుతూనే ఉంటాయి. అవి ముందుగా చేరేది పెద్దపేగు మొదట్లో, అంటే కుడివైపు. సాయంత్రం ఎంత బాగా కడిగినా పొద్దుటికి అక్కడ జిగురుగా ఒక పూత పడుతుంది. కుడివైపు వచ్చే కొన్ని పాలిప్‌లు, అంటే పేగు గోడ మీద పెరిగే చిన్న కండలు, గోడకు అతుక్కుని చదునుగా ఉంటాయి, వాటి మీద ఆ జిగురు పరుచుకుంటే ఎంత అనుభవమున్న కళ్లకైనా కనపడకపోవచ్చు. అందుకే పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు రెండో విడత మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగించాలి. ఆలోపు ఎప్పుడు ముగించాలన్నది మత్తు ఇచ్చే డాక్టరు చెప్పే సమయాన్ని బట్టి ఉంటుంది. నా మొదటి పరీక్ష పొద్దున పదింటికి, నేను చివరి గ్లాసు తాగింది ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకు. పదమూడున్నర గంటల తేడా. కుడివైపు సున్నా వచ్చిందంటే వేరే విచారణ అక్కర్లేదు.

మందునీళ్ల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకు అదే అన్నిటికంటే ఆసక్తి కలిగించింది. అందులో ప్రధానంగా ఉండేది పాలిఇథిలీన్ గ్లైకాల్. మన శరీరం దాన్ని దాదాపుగా పీల్చుకోదు, అది నీటిని పట్టుకుని కిందిదాకా తీసుకుపోతుంది. ఉత్త నీళ్లు నాలుగు లీటర్లు తాగితే మూత్రం అవుతుంది తప్ప పేగు కడగబడదు. పైగా ఒంట్లో ఉప్పు పలచబడి ప్రమాదం. ఉప్పునీళ్లు లీటర్లకొద్దీ తాగించే రోజుల్లో ఆ ఉప్పూ నీరూ కొంత రక్తంలోకి చేరి గుండె, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్లకు ఇబ్బంది అయ్యేది. ఒంట్లోకి పోకుండా, ఒంట్లోంచి లాగకుండా సరిసమానంగా ఉండే ద్రావణాన్ని అమెరికాలో ఫోర్డ్‌ట్రాన్ అనే వైద్యుడి బృందం 1980లో ప్రకటించింది. సోడియం పీలుపును తగ్గించడానికి అందులో సోడియం సల్ఫేట్ కలిపారు. ఆ రుచీ వాసనా దాని పుణ్యమే. తాగుతున్నంతసేపూ ఆ పెద్దమనిషిని తలుచుకున్నాను, ఏ ఉద్దేశంతో అన్నది చెప్పను.

ఇంకో సంగతి విని నవ్వొచ్చింది. మలబద్ధకానికి రోజూ గ్లాసు నీళ్లలో కలుపుకునే ఒక పొడి ఉంది, అదీ ఇదే పదార్థం. రోజుకు 17 గ్రాములు. నాలుగు లీటర్ల రకం ద్రావణంలో 236 గ్రాములు ఉంటుంది. అంటే రెండు వారాల మందు ఒక్క రాత్రిలో. నేను సునాముఖి పట్టుకుని నలభై ఏళ్లు తిరిగాను గానీ ఈ పొడి సంగతి ఎవరినీ అడగలేదు. అడగాలంటే ముందు చెప్పాలి కదా.

రెండోసారికి నాకు ఆయన రాసిచ్చిన పద్ధతి ఇది. ఇది నా ఒంటికి, నా రక్తపరీక్షలు చూసి రాసింది. మలబద్ధకం ఉన్నవాళ్లందరికీ ఇదే అని వైద్యుల్లో కూడా ఒకే మాట లేదు. కొందరు మందునీళ్లు పెంచుతారు, కొందరు ముందు రోజుల్లో విరేచనకారి మాత్రలు జోడిస్తారు. కాబట్టి దీన్ని చూసి మీ డాక్టర్ని ప్రశ్నలు అడగండి, దీన్నే పాటించకండి. ముఖ్యంగా గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు. కొద్దిగా తాగితే చాలనిపించే సోడియం ఫాస్ఫేట్ మందులు కొందరి మూత్రపిండాలను దెబ్బతీశాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో వాటి మీద గట్టి హెచ్చరిక పెట్టింది. తాగడం తేలికని ఎవరో చెప్పారని మందు మార్చుకోకూడదన్నమాట.

పది రోజుల ముందు ఇనుము మాత్రలు ఆపాను. సునాముఖి కషాయం కూడా. వారం ముందు నుంచి ఆ 17 గ్రాముల పొడి పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు. మొదటి రెండు రోజులు ఏమీ జరగలేదు, పొట్ట మాత్రం డప్పులా ఉబ్బింది. మూడో రోజు పొద్దున నేను కషాయం తాగకుండా, ముక్కకుండా, ఏడు నిమిషాల్లో బయటికొచ్చాను. ఏడు నిమిషాలని ఎందుకు తెలుసంటే గడియారం చూసుకున్నాను. మావారు వంటింట్లో ఉన్నారు. వెళ్లి చెప్పాలనిపించింది, చెప్పలేదు. లెక్కల పుస్తకంలో మాత్రం తారీఖు పక్కన ఒక టిక్కు పెట్టాను. ఆ వారంలో టిక్కులు ఆరు అయ్యాయి. అసలు తతంగానికి ముందే పాత బకాయిలు తీర్చేయడం అన్నమాట. కట్టుబడిన దాని మీద నాలుగు లీటర్లు కుమ్మరించడం వేరు, ముందే కదలిక వచ్చిన పేగును కడగడం వేరు.

మూడు రోజుల ముందు నుంచి పీచు తగ్గించాను. మలబద్ధకం ఉన్నవాళ్లకు ఇది తలకిందులుగా ఉంటుంది. జీవితమంతా పీచు తినమని చెప్పించుకుని, ఇప్పుడు గింజలు, తొక్కలు, ఆకుకూరలు, పొట్టు ధాన్యాలు అన్నీ వద్దంటారు. పీచు పొడి వేసుకునేవాళ్లు దాన్ని కూడా ఆపాలి. చిన్న చిన్న గింజలు కెమెరా గొట్టంలో నీళ్లు పీల్చే దారికి అడ్డుపడతాయట, ఆకుల పోగులు గోడకు అతుక్కుంటాయట. ఒక్క రోజు చాలేవాళ్లు ఉన్నారు, నాకు మూడు రోజులు చెప్పారు. తిండి గురించి ఇంతకంటే రాయడానికేమీ లేదు, చప్పగా ఉంది, అంతే. రెండు రోజుల ముందు రాత్రి బిసకోడిల్ మాత్రలు రెండు. అవి పేగును పిండుతాయి. పొద్దున్నే ఒక గంటసేపు మెలిపెట్టింది గానీ తట్టుకోలేనంత కాదు.

ముందు రోజంతా ద్రవాలే. గ్లాసులో పోసి అవతల అక్షరాలు చదవగలిగితే తాగొచ్చు అన్నది నాకు బాగా పనికొచ్చిన కొలత. పాలు లేని టీ, వడకట్టిన రసాలు పనికొస్తాయి. ఎరుపు, ఊదా రంగులు మాత్రం వద్దు, లోపల అవి రక్తంలా కనిపిస్తాయి. నీరసం వస్తుందని భయపడ్డాను గానీ ఆకలి కంటే విసుగే ఎక్కువ బాధించింది.

సాయంత్రం ఆరింటికి మొదటి విడత. రెండు లీటర్లు, 250 మిల్లీలీటర్ల గ్లాసులు ఎనిమిది, పావుగంటకొకటి. బల్ల మీద ఎనిమిది గ్లాసులూ ఒకేసారి నింపి వరుసగా పెట్టాను. ఇది పొరపాటు. నిండు గ్లాసుల వరుస చూస్తే మొదటి గుక్క తాగకముందే వాంతి వచ్చేలా ఉంటుంది. ఏడింటిని తీసి ఫ్రిజ్‌లో దాచాను. చల్లగా ఉంటే రుచి కొంత మొద్దుబారుతుంది. స్ట్రాను నాలుక వెనక దాకా పెట్టుకుని పీలిస్తే ఇంకా నయం. మధ్యలో నిమ్మచెక్క నాకాను. కూర్చుని తాగకుండా హాల్లో ఇటూ అటూ నడిచాను.

అక్క ఫోనులో తోడుంది. ఆమె నాకంటే అయిదేళ్లు పెద్దది. "ఎన్నోది?" "మూడు." "ఏమైనా కదిలిందా?" "లేదు." "అయ్యో." మళ్లీ పావుగంటకు అదే సంభాషణ. నాలుగో గ్లాసు దాకా ఏమీ జరగలేదు. మామూలువాళ్లకు గంటలో మొదలవుతుందంటారు, మనకు ఇంకా ఆలస్యం కావచ్చు, కంగారు పడకూడదని డాక్టరు గారు ముందే చెప్పి ఉండకపోతే నేను ఆపేసేదాన్ని. అయిదో గ్లాసు దగ్గర వికారం పెరిగింది. అరగంట ఆగి, చిన్న గుక్కలతో మళ్లీ మొదలుపెట్టాను. ఆగడంలో తప్పులేదు, మానేయడంలోనే ఉంది. అయితే పొట్ట రాయిలా బిగుసుకుపోయి, తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తూ కిందికి ఏమీ రాకపోతే మాత్రం తాగడం ఆపి వెంటనే ఆసుపత్రికి ఫోను చేయాలి, లోపల అడ్డంకి ఉండొచ్చు. నాకు ఆ పరిస్థితి రాలేదు. ఏడున్నరకు "అక్కా, ఉంటాను" అని ఫోను బాత్రూమ్ బయటి బల్ల మీద పడేసి పరిగెత్తాను. ఆమె వెనక నుంచి "శుభం" అనడం వినిపించింది.

తర్వాతి రెండు గంటల గురించి వివరంగా రాయను. రెండు చిన్న విషయాలు మాత్రం చెప్పాలి. మొదటి గ్లాసుకు ముందే కింద వ్యాజలీన్ పూసుకోవాలి, మంట మొదలయ్యాక పూస్తే ఆలస్యం. తుడవకుండా కడుక్కుని మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. మొదటిసారి నాకు ఇది ఎవరూ చెప్పలేదు, పరీక్ష కంటే ఆ మంటే ఎక్కువ రోజులు గుర్తుంది.

రాత్రి పదకొండుకు చూస్తే గోధుమరంగు నీళ్లు. మొదటిసారి నేను సంబరపడి పడుకున్న రంగు అదే. ఈసారి అది సగం పేపరు మాత్రమేనని తెలుసు.

పరీక్ష పదకొండింటికి. నాలుగున్నరకు లేచి, అయిదింటికి రెండో విడత మొదలుపెట్టాను. చీకట్లో, చలిలో, నిద్రకళ్లతో ఆ చల్లటి ఉప్పునీళ్లు దిగడం నా జీవితంలో అత్యంత సంతోషకరమైన ఘడియ కాదు. మావారు కూడా లేచి ఎదురుగా కూర్చున్నారు. ఏం మాట్లాడాలో తెలియక గ్లాసు గ్లాసుకీ సమయం రాస్తూ కూర్చున్నారు, నా పుస్తకంలోనే, నా టిక్కుల పక్కనే. ఆ టిక్కులేమిటని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్పటికి తెలిసే ఉంటుంది. ఆరు గ్లాసుల తర్వాత నీళ్ల రంగు మారింది. తొలుత పలచటి గోధుమ, తర్వాత మబ్బుగా పసుపు, చివరికి అడుగు స్పష్టంగా కనిపించే లేత పసుపు, మూత్రంలాగా. నలభై ఏళ్ల వైవాహిక జీవితంలో మొదటిసారి బాత్రూమ్ తలుపు తెరిచి "పసుపు!" అని అరిచాను. ఆయన ఏడూ పదికి ఎదురుగా 'పసుపు' అని రాశారు.

దారిలో ఏమీ కాలేదు. మొదటిసారి నన్ను అంతగా భయపెట్టిన ఆ కారు ప్రయాణంలో నేను నిద్రపోయాను.

మార్కులు: ఎడమ మూడు, మధ్య మూడు, కుడి రెండు. తొమ్మిదికి ఎనిమిది. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందని అడిగాను. మడతల్లో కాస్త నురుగు, కొంచెం మడ్డినీరు ఉంటే కడిగి పీల్చేశామని చెప్పారు. నేనైతే అర మార్కు కలిపేదాన్ని.

దొరికింది కుడివైపు చివరనే, పెద్దపేగు మొదలయ్యే సంచిలాంటి చోట. గోరంత కూడా లేని ఎర్రటి మచ్చలు మూడు, సాలెగూడులా విచ్చుకున్న సన్నటి రక్తనాళాలు. వయసు పైబడినవాళ్లలో ఇలాంటివి ఆ చోటే ఎక్కువగా వస్తాయి, ఎప్పుడూ కొద్దికొద్దిగా కారుతూ ఉంటాయి. నా ఆయాసానికి కారణం అవే అయి ఉండాలి. మొదటిసారి అవి మలం కింద ఉన్నాయి. వాటిని అక్కడికక్కడే వేడితో కాల్చేశారు. శుభ్రత ఎందుకు అవసరమో ఇక్కడ ఇంకొక కారణం ఉంది. పేగులో మిగిలిన దాన్ని సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడు హైడ్రోజన్, మీథేన్ వాయువులు పుడతాయి. అవి నిండిన చోట విద్యుత్తుతో కాలిస్తే పేలుడు జరిగిన సందర్భాలు వైద్య చరిత్రలో ఉన్నాయి. మానిటాల్ అనే చక్కెర జాతి పదార్థంతో పేగు కడిగే రోజుల్లో అలా ప్రాణం పోయిన సంఘటన కూడా ఉంది. చాలా అరుదు. ఆ సంగతి నాకు కాల్చిన తర్వాతే చెప్పారు, అందుకు కృతజ్ఞురాలిని.

ఫోటోలు కూడా ఇచ్చారు. గులాబీ రంగులో ఉండాల్సిన గోడ నాకు చిరుతపులి చర్మంలా గోధుమ నలుపు మచ్చలతో ఉంది. గుండె ఆగినంత పనైంది. "భయపడకండి, ఇది మీ సునాముఖి సంతకం" అన్నారు డాక్టరు గారు. ఏళ్ల తరబడి ఆ జాతి విరేచనకారులు వాడితే పేగు గోడలో ఇలా రంగు చేరుతుంది, హాని ఏమీ లేదు, ఆపేస్తే నెలల్లో మెల్లగా పోతుంది. తమాషా ఏమిటంటే పాలిప్‌లకు ఆ రంగు పట్టదు, కాబట్టి నల్లటి గోడ మీద అవి తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయట. నాకు పాలిప్‌లు లేవు. నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పకుండా తాగిన కషాయం మాత్రం లోపల గోడల మీద వివరంగా రాసిపెట్టి ఉంది.

ఇప్పుడు రోజుకు ఒక గ్లాసు పొడి. రెండు రోజులకోసారి అవుతోంది, కొన్ని వారాలు రోజూ కూడా. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.6. ఇనుము మాత్రలు ఇంకా ఉన్నాయి, ఈసారి వాటికి ఎదురు పొడి ఉంది.

రెండో పరీక్ష అయిన వారాంతంలోనే అక్క మళ్లీ ఫోను చేసింది. పొట్ట ఎలా ఉంది, తల తిరుగుతోందా, మార్కులు ఎన్ని అని అన్నీ అడిగింది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"నీది నాలుగు రోజులకోసారి అన్నావు కదా" అంది చివరికి.

"అవునక్కా."

"నాకు వారానికోసారే. మలం పరీక్షలో రక్తం జాడ ఉందని వచ్చే నెల నాకూ ఇదే పరీక్ష చెప్పారు. మోషన్ బాగానే అవుతుందా అని అడిగారు."

"నువ్వేం చెప్పావు?"

"బాగానే అని చెప్పాను."

పుస్తకం ఫోటోలు తీసి పంపాను, మావారి చేతిరాత ఉన్న పేజీతో సహా. పైన ఆసుపత్రి ఫోను నంబరు రాసి, దాని చుట్టూ ఎర్రసిరాతో గుండ్రంగా గీత గీశాను.